వదిలిపెట్టినవాటి లెక్క

(జంషెడ్‌పూర్‌లో తెలుగు శ్రోతల ఎదుట చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)

 

ఈ ఉపన్యాసం జరిపిస్తున్న స్మారక నిధి ఎవరి పేరున వెలిసిందో ఆ మాస్టారు పగలంతా కర్మాగారం డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసేవారు. ఆదివారం పూట క్వార్టర్స్ పిల్లల్ని కూర్చోబెట్టి ఛందస్సు చెప్పేవారు. మొదటిది జీతం కోసం, రెండోది ఇష్టం కోసం అని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. మాస్టారు మాత్రం రెండు చోట్లా తాను చేస్తున్నది ఒకటే పని అని నమ్మారు. ఎదురుగా ఉన్నదానిలోంచి చాలా భాగం తీసి పక్కన పెట్టడం, మిగిలిన కొద్దిదాన్ని ఒక గీతగానో గుర్తుగానో నిలబెట్టడం. ఆ నమ్మకం నిజమేనా, నిజమైతే ఎంతవరకు నిజం అన్నదే ఈ సాయంత్రం నా విషయం. ఆ పనిని నేను అమూర్తత అంటాను. చిత్రకారులు నైరూప్యం అంటారు. అవసరాన్ని బట్టి రెండు మాటలూ వాడుకుంటాను.

ఈ ఊరు పుట్టిన కథలోనే ఆ పని ఉంది. 1903లో దొరాబ్జీ టాటా నాగ్‌పూర్ వెళ్ళాడు. మధ్య పరగణాల్లో ఇనుము కోసం చేస్తున్న వెతుకులాట అప్పటికి దాదాపు ఆశ వదులుకునే స్థితికి వచ్చింది. కలవాలనుకున్న అధికారి ఆఫీసులో లేడు. ఆయన వచ్చేలోగా కాలక్షేపానికి ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి వెళితే అక్కడ ఆ పరగణాల భూగర్భ పటం కనిపించింది. దుర్గ్ జిల్లా ఉన్నచోట ముదురు రంగు పూసి ఉంది. ఇనుప ఖనిజం ఉందని ఆ రంగుకు అర్థం. ఆ రంగు పట్టుకుని ధల్లీ, రాజహరా కొండలకు వెళితే నిజంగానే గొప్ప ఖనిజం ఉంది. కాని దగ్గర్లో బొగ్గు లేదు, కావలసినన్ని నీళ్ళు లేవు. ఆ కొండలకు చాలా ఏళ్ళ తర్వాత భిలాయి కర్మాగారం రూపంలో మంచి రోజులు వచ్చాయి.

ఇంతలో 1904 ఫిబ్రవరి 24న ప్రమథనాథ బోస్ జంషెట్‌జీ టాటాకు ఉత్తరం రాశాడు. దుర్గ్ ప్రాంతపు ఇనుమును అంతకు ముందే నమోదు చేసిన భూగర్భ శాస్త్రవేత్త ఆయన. అప్పుడు మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తున్నాడు. గోరుమహిసాని కొండల్లో మంచి ఖనిజం ఉందని ఆ ఉత్తరం సారాంశం. నాలుగేళ్ళు తిరగకముందే సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోటికి దగ్గర్లో సాక్చి గ్రామం దొరికింది. 1911 డిసెంబరు 2న మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చాయి. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది.

పటం గీసినవాడు ఏం చేశాడో ఒక్కసారి ఆలోచించండి. ఎండలో కొండలెక్కాడు, రాళ్ళు పగలగొట్టి చూశాడు. అక్కడ సాల చెట్లు ఉన్నాయి, ఇప్పచెట్లు ఉన్నాయి, ఊళ్ళున్నాయి, మనుషులున్నారు, వాళ్ళ పాటలున్నాయి. అన్నీ వదిలేసి ఒక్క రాతి రకాన్ని మాత్రం ఉంచాడు. అంత వదిలాడు కాబట్టే ఆ కాగితం చూసినవాడికి ఒక్క చూపులో ఇనుము కనిపించింది. అయితే బొగ్గు, నీళ్ళు ఎక్కడున్నాయో ఆ రంగు చెప్పదు. దొరాబ్జీని పిలిచింది పటం చెప్పిన సంగతి. దుర్గ్ కొండల నుంచి వెనక్కి పంపింది పటం చెప్పని సంగతి. అమూర్తతకు ఉన్న బలమూ ప్రమాదమూ ఆ ఒక్క ప్రయాణంలో ఉన్నాయి. వదలనివాడికి ఏదీ కనిపించదు. ఏం వదిలాడో మరిచినవాడు దారి తప్పుతాడు. ఈ రెండో మాట మీదే నా ఉపన్యాసమంతా నిలబడి ఉంది.

దీన్ని మనవాడు ఒకడు పసిపిల్లల పాఠంగా రాసిపెట్టాడు. అన్నంభట్టు ఆంధ్రుడు, 17వ శతాబ్దపు పండితుడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అందరూ అన్నంభట్టులు కాలేరన్న సామెత ఆయన మీదే పుట్టింది. ఆయన రాసిన తర్కసంగ్రహాన్నీ, దానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యనూ దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ పొగది. వంటింట్లో పొగ చూశాం, నిప్పు చూశాం. మళ్ళీ మళ్ళీ చూశాం. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. అలా చూడగా చూడగా పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమం మనసులో కుదిరింది. ఆ నియమానికి వ్యాప్తి అని పేరు. ఇక దూరపు కొండ మీద పొగ కనిపిస్తే, ఎక్కి చూడకపోయినా, అక్కడ నిప్పు ఉందని చెప్పగలం.

వంటింటి నుంచి కొండ దాకా వెళ్ళిన ఆ దారిలో ఎన్ని జారిపోయాయో చూడండి. కుండ పోయింది, ఉడికే అన్నం పోయింది, ఊదుతున్న అమ్మ పోయింది, కళ్ళమంట పోయింది. పొగా నిప్పూ వాటి మధ్య సంబంధమూ మిగిలాయి. దాన్ని మోసుకుని ఎప్పుడూ చూడని కొండ గురించి మాట్లాడగలుగుతున్నాం. మనిషి తెలివికి రెక్కలు వచ్చింది ఇక్కడే అని నా నమ్మకం.

అన్నంభట్టు అక్కడితో ఆగలేదు. నియమాన్ని తిరగేసి అడిగాడు. నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుందా? వంటిల్లు అయితే అవుననే చెబుతుంది. అప్పుడు ఆయన ఒక్క వస్తువును ముందుకు తెచ్చాడు. ఎర్రగా కాలిన ఇనుప గుండు. దానిలో నిప్పు ఉంది, పొగ లేదు. అంటే వంటింట్లో పొగ పుట్టించింది నిప్పు ఒక్కటే కాదు, దానికి తోడుగా పచ్చి కట్టె ఉంది. మనం గమనించకుండా వదిలేసిన ఆ తోడుకు ఉపాధి అని పేరు. ఈ ఊళ్ళో ఆ ఉదాహరణకు వ్యాఖ్యానం అక్కరలేదు. రోలింగ్ మిల్లులో దొర్లిపోయే ఎర్రటి దిమ్మను చూసిన ప్రతి కార్మికుడూ అన్నంభట్టు ఇనుప గుండును చూసినట్టే.

తర్కశాస్త్రాన్ని వట్టి మాటల గారడీ అని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళు ఈ ఒక్క ఘట్టం దగ్గర ఆగి చూడాలి. ఒక సాధారణ నియమం చేయడం, దాన్ని చెడగొట్టే వస్తువును మనమే వెతికి తెచ్చుకోవడం, ఆ వస్తువు సాయంతో మనం ఏం మరిచామో పట్టుకోవడం. ఆలోచనకు ఇంతకంటే నిజాయితీ అయిన పద్ధతి నాకు తెలియదు.

ఇదే కథ లోహశాస్త్రంలో మళ్ళీ జరిగింది. ఈ ఊళ్ళో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. 1950 నవంబరు 26న నెహ్రూ దాన్ని ప్రారంభించాడు. అక్కడ అడుగుపెట్టే ఏ కుర్రవాడైనా ముందు నేర్చుకునే బొమ్మ ఇనుము, కార్బన్ల స్థితి పటం. అడ్డంగా కార్బన్ శాతం, నిలువుగా ఉష్ణోగ్రత. మధ్యలో కొన్ని గీతలు. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కార్బన్ సుమారు 2.1 శాతం దాటితే దాన్ని ఉక్కు అనం, పోత ఇనుము అంటాం. 0.77 శాతం దగ్గర, 727 డిగ్రీల వద్ద ఒక ముఖ్యమైన మలుపు ఉంది. లండన్ టంకశాలలో పనిచేసిన రాబర్ట్స్ ఆస్టెన్ 1897లో దీని తొలి రూపం ప్రకటించాడు. అమెరికాలో గిబ్స్ అంతకు ఇరవై ఏళ్ళ ముందు కనిపెట్టిన సూత్రాన్ని పట్టుకుని, డచ్ శాస్త్రవేత్త రోజెబూమ్ 1900లో దాన్ని సరిదిద్దాడు.

నాకు ఈ బొమ్మ అంటే చెప్పలేనంత ఇష్టం. నోవాముండి ఖనిజం, ఝరియా బొగ్గు, ఫర్నేస్ ముందు నిలబడ్డ మనిషి చెమట, రాత్రి షిఫ్టు, ఏవీ అందులో లేవు. అవన్నీ వదిలేసినందుకే అది జంషెడ్‌పూర్‌లోనూ విశాఖలోనూ జర్మనీలోనూ ఒకేలా నిజం. అయితే ఆ బొమ్మ వదిలేసినవాటిలో ఒకటి చాలా పెద్దది. కాలం. ఇనుముకు ఎంత కావాలంటే అంత వ్యవధి ఇచ్చి, మెల్లగా చల్లార్చితే ఏమవుతుందో మాత్రమే అది చెబుతుంది. ఎర్రగా కాలిన ఉక్కును ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే వచ్చే మార్టెన్‌సైట్ అనే గట్టి స్థితి ఆ బొమ్మలో ఎక్కడా లేదు. కత్తికి పదును నిలిపేది అదే. మన ఊళ్ళ కమ్మరి చేతికి, కంటికి అది ఎప్పుడో తెలుసు. రంగు చూసి, సమయం చూసి ముంచుతాడు. శాస్త్రం దాన్ని కాగితం మీదికి తేవడానికి 1930 దాకా పట్టింది. అమెరికాలో డావెన్‌పోర్ట్, బెయిన్ అనే ఇద్దరు కాలాన్ని అడ్డగీతగా పెట్టి ఇంకో బొమ్మ గీశారు. పాత బొమ్మను చింపేయలేదు, పక్కన రెండోది పెట్టారు. పాతదానికి కాలమే పచ్చి కట్టె.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. మూసల్లో వాళ్ళు చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ పల్లెకు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే శాస్త్రవేత్త ఆ పనిని చూసి రాసిపెట్టాడు. వాళ్ళ దగ్గర శాతాలు లేవు, డిగ్రీలు లేవు. అమూర్తత లేదా అంటే ఉంది. ఏ మట్టితో మూస చేయాలో, ఏ ఆకు వేయాలో, ఎన్ని పూటలు కాల్చాలో తండ్రి కొడుక్కి చెప్పడమంటే వంద కాల్పుల్లోంచి అవసరమైనది ఏరి చెప్పడమే. రాతలోకి ఎక్కలేదు కాబట్టి ఆ కొలుములు ఆరినప్పుడు అదీ ఆరిపోయింది. అమూర్తతను గీతగా, గుర్తుగా బయట నిలబెట్టడం ఎందుకు ముఖ్యమో కోనసముద్రం చెబుతుంది.

ఇక కళ సంగతి. ఇక్కడి నుంచి పడమరగా కొంచెం దూరం వెళితే ఖర్కాయి ఒడ్డునే సరాయ్‌కేలా ఉంది. అక్కడి ఛౌ నాట్యాన్ని మయూర్‌భంజ్, పురులియా ఛౌలతో కలిపి 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. పురులియాలో ముఖౌటాలు, అంటే ముఖానికి తొడిగే మాస్కులు, పెద్దవి, అలంకారాలతో నిండినవి. మయూర్‌భంజ్‌లో ముఖౌటాలే లేవు. సరాయ్‌కేలా ముఖౌటా మాత్రం ప్రపంచంలో దేనితోనూ పోల్చలేనిది. నున్నటి ముఖం, సగం మూసిన పొడవాటి కళ్ళు, చిన్న నోరు. మట్టి అచ్చు మీద కాగితం, గుడ్డ పొరలు వేసి, ఆరాక రంగు పూస్తారు. కోపం లేదు, నవ్వు లేదు, ఏడుపు లేదు. దాన్ని తొడుక్కున్న నర్తకుడికి మాట ఉండదు, పాట ఉండదు, ఊపిరి సరిగా ఆడదు. అందుకే ఒక్కో అంశం కొద్ది నిమిషాలే.

మన కూచిపూడిలో ముఖమే సగం నాట్యం. కన్నూ కనుబొమ్మా పెదవీ కదిలితే తప్ప సత్యభామ లేదు. సరాయ్‌కేలా నర్తకుడు ఆ సంపదనంతా ముందే అవతల పెట్టి రంగం మీదికి వస్తాడు. అప్పుడు వింత జరుగుతుంది. నావికుడి నాట్యంలో రంగం మీద నది లేదు, పడవ లేదు. ముఖౌటా ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. అయినా తెడ్డు పట్టిన భుజం వంగిన తీరులో, వెన్నెముక బిగిసిన తీరులో, కాలి మడమ నేలను వెతికిన తీరులో మనకు వరద కనిపిస్తుంది, భయం కనిపిస్తుంది. కాసేపటికి ముఖౌటా కూడా మారినట్టే ఉంటుంది. మారలేదు. ముఖం నుంచి తీసేసిన భావం ఒళ్ళంతా పరుచుకుంది. రాత్రి లాంటి అంశాల్లో నర్తకుడు ఒక మనిషిని కూడా కాదు, ఒక వేళను పట్టుకుంటాడు.

ఆ శరీర భాష ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మరింత ఆశ్చర్యం. ఛౌలో ఉఫ్లీలు అనే మూల కదలికలున్నాయి. పేడ నీళ్ళు కలపడం, ఇల్లు అలకడం, పసుపు నూరడం, ధాన్యం దంచడం, నుదుట సింధూరం దిద్దుకోవడం. ఆడవాళ్ళు ఇంట్లో పొద్దున్నుంచి చేసే పనులు. యుద్ధ విద్య అయిన పరిఖండా సాధనలోంచి అడుగు తీసుకుని, ఇంటి పనిలోంచి ఒడుపు తీసుకుని, రెండింటి నుంచీ కత్తినీ పేడనూ తీసేశారు. మిగిలింది వంపు, తూకం, లయ. ఇంటి ముందు పేడనీళ్ళు చల్లే చేతిలోని వంపు రంగం మీద నెమలి మెడ కాగలుగుతోంది. దీన్ని ప్రాణం లేని కళ అని ఎవరైనా అంటే వాళ్ళు చూడలేదని నేను అంటాను.

ఇదే పని అక్షరాల్లోనూ ఉంది. బోస్ ఉత్తరంలో చెప్పిన మయూర్‌భంజ్ నేలలోనే పండిత రఘునాథ్ ముర్ము పుట్టాడు. 1925లో ఆయన సంతాలీకి ఓల్ చికీ లిపి తయారుచేశాడు. 30 అక్షరాలు. చాలా అక్షరాల ఆకారాలు సంతాల్ జీవితంలోని వస్తువుల నుంచి, పనుల నుంచి వచ్చాయి. ఒక అక్షరంలో నాగలి ఉంది. ఇంకొక అక్షరంలో తనను తాను వేలితో చూపించుకుంటున్న మనిషి ఉన్నాడు, ఆ అక్షరం పేరే సంతాలీలో 'నేను'. పుస్తకం చదివేవాడికి నాగలి గుర్తుకు రాదు, ధ్వని ఒక్కటే వినిపిస్తుంది. కాని చదువు మొదలుపెట్టిన పిల్లవాడికి అక్షరం వెనక పొలం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. వస్తువు నుంచి గుర్తుకు వెళ్ళే దారిని ఇంత ప్రేమతో తెరిచి ఉంచిన లిపులు ఎక్కువ లేవు.

నైరూప్య చిత్రం అనగానే మనకు యూరప్ గుర్తుకొస్తుంది. సాక్చిలో మొదటి ఇనుము కరిగిన 1911 డిసెంబరులోనే మ్యూనిక్‌లో చిత్రకారుడు కాండిన్‌స్కీ తన సిద్ధాంత గ్రంథాన్ని ప్రచురించాడు. రంగుకు, గీతకు వస్తువు తోడు లేకుండా మాట్లాడే శక్తి ఉందన్నది ఆయన వాదం. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీ కళాశాల బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగినప్పుడు కాండిన్‌స్కీ, క్లే చిత్రాలు ఇక్కడికి రాత్రి ప్రయాణమంత దూరంలో గోడకు వేలాడాయి. మన చిత్రకారుల్లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి తాంత్రిక రేఖల వైపు నడిచాడు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు లండన్‌లో చదివి, షికాగోలో స్థిరపడి రంగునే విషయంగా చేసుకున్నాడు. వీళ్ళ చిత్రాల ముందు నిలబడి 'ఇదేం బొమ్మ?' అని అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. అది న్యాయమైన ప్రశ్న. ఏం వదిలారు, ఎందుకు వదిలారు అని అడుగుతున్నారన్నమాట. దానికి బొమ్మ సమాధానం చెప్పగలగాలి. చెప్పలేని నైరూప్యాలూ చాలా ఉన్నాయి, ఆ మాట దాచనక్కరలేదు.

కాని మన నేలకు ఈ విద్య యూరప్ నుంచి రాలేదు. అమరావతి స్తూపం మీద తొలి శిల్పులు బుద్ధుణ్ణి చెక్కలేదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, ధర్మచక్రం, పాదముద్రలు, మంటలు ఎగసే స్తంభం చెక్కారు. చుట్టూ ఉన్న మనుషులకు మాత్రం ముఖాలున్నాయి, నగలున్నాయి, చేతుల్లో భక్తి ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక అమరావతి ఫలకం ఉంది. దాని ఒక ముఖాన క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండో ముఖాన స్తూపాన్ని చెక్కారు. ఆ స్తూపం ద్వారంలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఆ ఖాళీ ఆసనం బుద్ధుడికి గుర్తా, లేక భక్తులు వెళ్ళి కొలిచే పుణ్యస్థలానికి బొమ్మా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు, ఎదుట మోకరిల్లిన మనుషుల చూపులే తీర్పు. వాళ్ళు ఖాళీని చూస్తున్న మనుషుల్లా లేరు. నిర్వాణం పొందినవాడికి రూపం ఇవ్వడం ఆ శిల్పికి అబద్ధం అనిపించి ఉంటుంది. నిజం చెప్పడానికే రూపాన్ని వదిలాడు. తర్వాతి శిల్పికి, జనానికి, ఆ రూపం కావలసి వచ్చింది. రాయి రెండు ముఖాలనూ మోస్తోంది. ఒకటి ముందు మెట్టు, రెండోది పై మెట్టు అని చెప్పడానికి నాకు మనసొప్పదు.

మాస్టారి ఛందస్సుకు వద్దాం. యమాతారాజభానసలగం అని ఆయన పిల్లల చేత వల్లె వేయించేవారు. తర్వాత పలకల మీద గురువుకు ఒక గుర్తు, లఘువుకు నిలువు గీత. ఒక పద్యం తీసుకుని దాని అర్థం వదిలేయండి, కవిని వదిలేయండి, రసం వదిలేయండి, ధ్వని కూడా చాలావరకు వదిలేయండి. పలకడానికి పట్టే కాలం మాత్రం ఉంచండి. అదీ రెండే కొలతల్లో. భ ర న భ భ ర వ అని వస్తే ఉత్పలమాల, 20 అక్షరాలు. న జ భ జ జ జ ర అయితే చంపకమాల, 21. వేల పద్యాలను ఒక్క గీటులో పట్టిన ఆ చూపు, ఉక్కును రెండు గీతల మధ్య పట్టిన చూపు, ఒకటే. మాస్టారు అన్నది ఇదే.

ఎంతవరకు నిజం అని మొదట్లో అడిగాను కదా. ఉత్పలమాల చట్రం తెలిసినవాడల్లా కవి కాడు. గణాలు కుదిరినా నడక లేని పద్యాలు ఎన్ని చూడలేదు! గణం అక్షరాన్ని పట్టింది, ఊపిరిని వదిలింది. మంచి కవి ఆ వదిలిన చోటే పనిచేస్తాడు. చట్రం అలాగే ఉంచి, మాట ఎక్కడ విరగాలో, అర్థం పాదం దాటి ఎక్కడికి పారాలో తాను నిర్ణయిస్తాడు. స్థితి పటం వదిలిన కాలాన్ని కమ్మరి పట్టుకున్నట్టు.

ఆ చదువుకు ఇంట్లో సమానమైనది ముగ్గు. సంక్రాంతి పొద్దున ఇక్కడి తెలుగు వాకిళ్ళలో చుక్కలు పడే వేళకే చుట్టుపక్కల ఊళ్ళలో టుసు పరబ్ పాటలు వినిపిస్తాయి. దీపావళి తర్వాతి సోహరాయ్‌కి సంతాల్ ఇళ్ళ గోడల మీద రంగుల పట్టీలు, త్రిభుజాలు తేరుతాయి. రెండు జాతుల ఆడవాళ్ళు, ఒకరు నేల మీద, ఒకరు గోడ మీద, ఏ బడిలోనూ చెప్పని రేఖాగణితం చేస్తున్నారు. మద్రాసులో సిరోమణి దంపతులు, కమలా కృతివాసన్ 1974లో ముగ్గుల నిర్మాణాన్ని గణిత వ్యాకరణాలుగా రాశారు. చుక్కను తాకకుండా చుట్టూ తిరిగే మెలికకు నియమం ఉందని, ఆ నియమాన్ని యంత్రానికి నేర్పవచ్చని చూపించారు. ఆ పని ఇంకా మన తెలుగు బడుల్లోకి రాలేదన్నది నాకు నిజమైన బాధ.

ఇప్పుడు కష్టమైన భాగం. ఇంతసేపూ వదిలినది రాయి, మంట, ముఖం. మనిషినే వదిలితే? ఈ ఊరి మొదటి ప్లాను కెనడీ సాలిన్ కంపెనీది. తర్వాత టెంపుల్, స్టోక్స్, 1940లలో కోనిగ్స్‌బర్గర్ కొత్త ప్లాన్లు గీశారు. బిష్టుపూర్‌లో కె రోడ్డు, ఎన్ రోడ్డు అని అక్షరాల రోడ్లు ఇప్పటికీ ఉన్నాయి. పేట పేర్లు మాత్రం సాక్చి, సోనారి, బెల్దీ, జుగ్‌సలాయి. ఇంజనీరు కాగితానికి అక్షరం చాలింది. ఊరి నోటికి చాలలేదు. ఆ పాత పేర్లు బతికి ఉండటం వల్లే కాగితం కింద ఏ పల్లెలు ఉన్నాయో మనకు తెలుస్తోంది.

జనగణనలో ఇదే ప్రశ్న ఇంకా పదునుగా ఉంది. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 50 లక్షల మంది తమ మతం ఆదివాసుల సర్నా అని రాయించుకున్నారు. వాళ్ళలో ఎక్కువ మంది ఝార్ఖండ్ వాళ్ళు. ముఖ్య పట్టికలో వాళ్ళకు వరుస లేదు, 'ఇతరులు' అన్న గడిలో కలిశారు. 2020 నవంబరు 11న రాష్ట్ర శాసనసభ సర్నాకు వేరే గడి కావాలని తీర్మానం చేసింది. గణాంకాలకు గడులు తప్పవు, ప్రతి మనిషికీ ఒక గడి కుదరదు, అది నాకూ తెలుసు. కాని 'ఇతరులు' అన్న గడి పటం మీద రంగు పూయకుండా వదిలిన చోటు లాంటిది కాదు. అక్కడ మనుషులున్నారు, మమ్మల్ని వదిలారు అని వాళ్ళే చెబుతున్నారు. అన్నంభట్టుకు ఇనుప గుండును వెతుక్కోవలసి వచ్చింది. ఇక్కడ అది నోరు తెరిచి మాట్లాడుతోంది. లెక్క రాసేవాడు వినక తప్పదు. సొంత నేల వదిలి ఇక్కడ తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్ళం, బడి పట్టికల్లో మన భాష ఏ గడిలో పడుతోందో చూసుకునేవాళ్ళం, ఈ బాధను అందరికంటే ముందు అర్థం చేసుకోవలసినవాళ్ళం.

నిధి నిర్వాహకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఏటా ఉపన్యాసం మంచిదే. దానితో పాటు కొందరు పిల్లలను ఏప్రిల్‌లో చైత్ర పర్వానికి సరాయ్‌కేలా తీసుకువెళ్ళండి. తెలుగు పిల్లలనే కాదు, వాళ్ళతో చదివే సంతాల్, హో పిల్లలను కూడా. ఒక్కొక్కరి చేతికి ఒక కాగితం ఇచ్చి, చూసిన ఒక నాట్యాన్ని ఐదే గీతల్లో పట్టమని చెప్పండి. ఐదు చాలవని గొడవ పెడతారు, పెట్టనివ్వండి. గీయడం అయ్యాక కాగితం తిప్పి, ఆ ఐదు గీతల్లోకి రానిదేమిటో వెనక వైపు రాయమనండి. ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు, వచ్చిన లిపిలో. వచ్చే ఏడు ఈ వేదిక మీద మాట్లాడేవారికి ముందుగా ఆ కాగితాలు పంపండి, రెండు వైపులా చదవమని చెప్పి.